వేడిమిని జూచు కన్ను

సోదరీమణులారా! పొయ్యి వేడిమి మన మెఱుగనిది కాదు. కాని యొక యంత్రము కడుపులోని వేడిమి మాకు బుద్ధి చెప్పునని మే మెన్నడును దలపలేదు.

మేము అమెరికాలో న్యూజెర్సీయందు కాపురముందుము. మా యింటి నేలమాళిగలో పాక్‌-మాన్ అను పాత యాటయంత్ర మొకటి గలదు. ఈ యాటను జపానులో నామ్కో సంస్థకు జెందిన తోరు ఇవతానిగారు, ఆటశాలలకు స్త్రీలును రావలెనను తలంపుతో రూపొందించిరి. 1980లో నది వెలువడెను. అందుచే దానియందు మా కొకింత యభిమానము.

గత వేసవిలో దాని తెరకు జబ్బు చేసినది. పెట్టిన పది నిమిషములవఱకు బొమ్మ చక్కగా నుండును. పిమ్మట మినుకుమినుకుమని, ప్రక్కలనుండి ముడుచుకొని, తుదకు నిలువుగీతయై నిలుచును. మా చిరంజీవి స్నేహితులతో గూడి మోటుగా నాడుటచేతనే చెడినదని వానిని కఠినముగా మందలించితిమి. "నేను కాదమ్మా" అని వాడు రెండు దినములు అన్నము సరిగా దినలేదు.

మా మఱిది యిట్టి పనుల నెఱిగినవాడు. ఆయన ఉష్ణచిత్రములు దీయు కెమేరా దెచ్చెను. ప్రతి వస్తువును తన వేడిమికి దగినట్లు కంటికి గానరాని పరారుణ కిరణములను వెలువరించును. వీనిని 1800లో విలియం హెర్షెల్ కనుగొనెను. కెమేరా వానిని రంగులుగా మార్చి చూపును. పాత గాజుగొట్టపు తెరలలో వేలకొలది వోల్టుల విద్యుత్తుండును. ఆపిన పిమ్మటను కొంత నిలిచియుండును. చేయి పెట్టకయే చూడ వీలగుట యీ కెమేరా చేయు మేలు.

చూడగానే యొక నిరోధకము నిప్పుకణమువలె వెలిగెను. "దొంగ దొరికినాడు" అంటిమి. దానిని మార్పించితిమి, ఫలము లేకపోయెను. "వదినా, వేడెక్కుటే దాని యుద్యోగము. పొయ్యి కాలుచున్నదని పొయ్యిని తప్పుపట్టుదుమా? వేడెక్కరాని చోటు వెదకవలెను" అని మఱిది నవ్వెను. మెఱయు లోహమును నమ్మరాదని చెప్పి, మఱుగు నీళ్లున్న స్టీలు గిన్నెను కెమేరాలో జూపెను. తళతళలాడు గిన్నె చల్లగా గనబడెను; దానిపై నంటించిన నల్ల టేపుముక్క మాత్రము మండుచున్నట్లుండెను!

మొదటి నిమిషమున నొక చిత్రమును, పదవ నిమిషమున నొక చిత్రమును దీసి ప్రక్కప్రక్కన బెట్టితిమి. తెర వెనుకనున్న తీగచుట్టకు బోవు తీగలు పలకతో గలియుచోట, ఒక చిన్న పిన్ను చుట్టును పలక క్రొత్తగా వెలుగుచుండెను. ప్లగ్గు దీసి, నిలిచిన విద్యుత్తును మఱిది తొలగించిన పిమ్మట భూతద్దముతో జూచితిమి. అతుకు చుట్టును వెండ్రుకవంటి పగులు! క్రింద పలక నల్లబడియుండెను. అది యేండ్లతరబడి వేడెక్కి చల్లారుటచే గలిగిన గాయము; మా బిడ్డ చేసినది కాదు.

మఱల నతికిన తరువాత గంటసేపైనను బొమ్మ ముడుచుకొనలేదు.

ఆ రాత్రి వానిని దగ్గఱకు బిలిచి, "తప్పు మాది నాయనా" అంటిమి. వాడు కొంతసే పూరకుండి, "అయితే నాతో ఒక ఆట ఆడమ్మా" అనెను. ఆడి యోడిపోతిమి.

సోదరీమణులారా! ఇట్టి యంత్రములను మీకై మీరు విప్పకుడు; తెలిసినవారిచేతనే విప్పింపుడు. ఎదుట గనబడినవారిపై నేరము మోపుటకు ముందు మాత్రము రెండవ చిత్రముకొఱకు పది నిమిషములు వేచియుండుడు.