ఈరీ సరస్సులో చీకటి వేట

నయాగరా జలపాతం పేరు విననివాళ్ళు ఉండరు. అక్కడ దూకే నీరు ఎక్కడినుంచి వస్తుందని అడిగితే మాత్రం చాలామంది తల గోక్కుంటారు. అది ఈరీ సరస్సు నీరు. అమెరికా, కెనడాల సరిహద్దు ప్రాంతంలో అయిదు మహాసరస్సులు ఉన్నవి. వాటిలో ఈరీ ఒకటి. దీని పొడవు 241 మైళ్ళు. బాగా వెడల్పుగా ఉన్నచోట ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకు 57 మైళ్ళు. నీరు మంచినీరే గాని, అలలు మాత్రం సముద్రపు అలలే! ఇంతా చేసి దీనికి లోతు లేదు. సగటున 62 అడుగులు. పడమటి కొసన 24 అడుగులే. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి. దానితో మనకు తరవాత పని పడుతుంది.

ఈ సరస్సుమీద ఒక రాత్రి చేపలవేటకు పోదాం, రండి. కాలం నవంబరు. మన ఊళ్ళలో కార్తీక దీపాలు పెట్టే రోజులు. అక్కడ చెట్ల ఆకులన్నీ రాలిపోయి మోళ్ళు మిగిలాయి. సాయంకాలం అయిదు గంటలకే పొద్దు గూకుతుంది. ఒహాయో రాష్ట్రం ఒడ్డున హ్యూరన్, లొరేన్, క్లీవ్‌లండు అనే రేవులు ఉన్నవి. వేసవిలో షికారుకు వచ్చేవాళ్ళు తమ పడవలను ఎప్పుడో గట్టెక్కించి, గుడ్డ కప్పి పోయారు. కొంతమంది మాత్రం ఇప్పుడే, ఈ చలిలోనే, చీకటి పడేవేళకు ఒంటిమీద నాలుగు పొరల బట్టలు వేసుకుని పడవ దింపుతున్నారు. వాళ్ళకు కావలసినది ‘వాలై’ అనే చేప.

వాలై అనగానే మన వాలుగ చేప అనుకునేరు! పేర్లు దగ్గరగా ఉన్నా ఈ రెండిటికీ చుట్టరికం ఏమీ లేదు. వాలుగకు పొలుసులు ఉండవు, మీసాలు ఉంటాయి. వాలైకి పొలుసులు ఉంటాయి, మీసాలు ఉండవు. దాని ఒళ్ళు పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగు, పొట్ట తెలుపు. వీపుమీద రెండు రెక్కలు. ముందు రెక్క నిండా ముళ్ళు. నోట్లో కుక్కపళ్ళవంటి కోరలు ఉన్నవి గనక వేలు పెట్టి చూడకపోవటం మంచిది. వాలైలలో ఆడవే పెద్దవి. పది పౌన్లకు మించి తూగేవి కూడా ఈరీలో దొరుకుతాయి.

అన్నిటికన్నా విచిత్రమైనవి దాని కళ్ళు. పగలు చూస్తే పొర కమ్మిన గుడ్డి కళ్ళలాగా, గాజుగోళీలలాగా ఉంటాయి. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరులో కూడా ‘విట్రియస్’ అన్న మాట ఉన్నది. అంటే గాజువంటిది అని అర్థం. కాని ఆ కళ్ళు గుడ్డివి కావు. మీరు చీకట్లో పిల్లిమీద దీపం వేసి చూశారా? కళ్ళు నిప్పుకణికల్లా మెరుస్తాయి. కంటిలోపల, వెనకవైపున, అద్దంవంటి పొర ఉండటమే అందుకు కారణం. లోపలికి వచ్చిన వెలుతురు ఒకసారి కంటికి పనిచేసి, ఆ పొరకు తగిలి వెనక్కు తిరిగి, మళ్ళీ ఒకసారి పనిచేస్తుంది. అంటే కొంచెం వెలుతురునే రెండుసార్లు వాడుకోవటమన్నమాట. వాలై కంటిలో కూడా అటువంటి పొరే ఉన్నది. మసక చీకటిలో చిన్నచేపలకు కళ్ళు సరిగా కనబడవు, వాలైకి కనబడతాయి. కనక పొద్దు గూకేవేళ దానికి పండుగ!

అయితే శరత్కాలమే ఎందుకు? వేసవిలో వాలైలు చల్లని నీరు వెతుక్కుంటూ తూర్పుగా, లోతు నీటిలోకి పోతాయి. చలి మొదలవగానే మళ్ళీ పడమటికి మళ్ళుతాయి. వసంతకాలంలో అవి గుడ్లు పెట్టేది పడమటి కొసన ఉన్న రాతి తిప్పలమీదా, మామీ, సాండస్కీ అనే నదులలోనూ. ఆ గుడ్లు తల్లి కడుపులో తయారయేది ఈ రోజుల్లోనే. కనక దానికి తిండి బాగా కావాలి. షాడ్ అనే వెండిరంగు చిన్నచేపలు ఇప్పుడు గుంపులు గుంపులుగా ఒడ్డుకు చేరతాయి. వాటివెంట వాలైలూ వస్తాయి. పగలల్లా లోతులో ఉండి, చీకటి పడగానే రేవు కట్టల దగ్గరికి, పది పదిహేను అడుగుల నీటిలోకి కూడా వచ్చి మేస్తాయి. పడవ లేనివాళ్ళు రాతికట్టలమీద నిలబడే గాలం విసురుతారు.

మనకు పడవ ఉన్నది. సరంగు ముసలాయన అనుకుందాం. ఆయన మోటారును ఎంత నెమ్మదిగా నడుపుతాడంటే, మనం మామూలుగా గంటకు మూడు మైళ్ళు నడుస్తాం గదా, ఈ పడవ ఒకటో ఒకటిన్నరో పోతుంది. పసిపిల్లవాడు కూడా దాన్ని దాటిపోగలడు! చేపకు దాని ఒంటి వేడి అంటూ వేరే ఉండదు. నీరు ఎంత చల్లనైతే చేపా అంతే చల్లన. చల్లబడినకొద్దీ అది బద్ధకిస్తుంది. పరుగెత్తే ఎర వెంట పడదు.

ఎర అంటే వానపాము కాదు, బొమ్మచేప. జానెడుకన్నా పొట్టిగా, సన్నగా ఉంటుంది. మూతి కింద నాలుకలాగా ఒక రేకు. పడవ లాగుతుంటే నీరు ఆ రేకును నొక్కుతుంది. బొమ్మ మునిగి, నిజమైన చేపలాగే ఒళ్ళు తిప్పుతూ ఈదుతుంది. ఇటువంటి బొమ్మలలో పేరుపొందినదాన్ని చేసినవాడు ఫిన్‌లండు దేశపు బెస్తవాడు, లౌరి రాపలా. గుంపులో ఒక చేప అవిటిగా, వంకరగా ఈదితే పెద్దచేప దానిమీదికే దూకుతుందని ఆయన కనిపెట్టాడు. 1936లో చెప్పులు కుట్టేవాళ్ళ కత్తితో బెండు చెక్కి మొదటి బొమ్మ చేశాడు. పైన చాకొలెట్ల మీది వెండికాగితం అంటించాడు. నీరు అంటకుండా ఫోటో ఫిలిమును కరిగించి పూశాడు. చేతిలో డబ్బు లేనివాడి బుర్రే బుర్ర అని నాకనిపిస్తుంది.

సరంగు ఒక్కొక్క దారాన్నీ వంద అడుగుల దాకా వదులుతాడు. ఎంత దారం వదిలితే బొమ్మ అంత లోతుకు పోతుంది, కొంతమేరకు. ఏడెనిమిది దారాలు వెనక ఈడుస్తుంటే చిక్కుపడవా అంటే, అందుకొక ఉపాయం ఉన్నది. ప్రతి దారానికీ ఒక చిన్న పలక తగిలిస్తారు. ఏటవాలుగా కోసిన ఆ పలక నీటి ఒరవడికి పడవనుంచి పక్కకు, దూరంగా జరుగుతుంది. ఎడమవైపు కొన్ని, కుడివైపు కొన్ని. రాత్రివేళ గనక ప్రతి పలకమీదా ఒక బుల్లి దీపం. నల్లని నీటిమీద ఆ దీపాల వరస పడవతోపాటు మెల్లగా సాగుతూంటే, అచ్చం మన ఆడవాళ్ళు కార్తీకమాసంలో అరటిదొప్పల్లో వదిలిన దీపాలే!

ఇక చూపంతా దీపాలమీదనే. చేప పట్టగానే కర్ర విరిగేటట్టు గుంజుతుందని అనుకోకండి. ఈ చలిలో వాలై అంత హడావిడి చెయ్యదు. వరసలో ఒక దీపం మెల్లగా వెనకబడుతుంది, అంతే.

సరంగు పడవను వంపు తిప్పుతాడు. మన కళ్ళంలో నూర్పిడి చూసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. గుంజ చుట్టూ తిరిగే ఎడ్లలో బయటి ఎద్దు వడివడిగా నడవాలి, లోపలి ఎద్దు ఉన్నచోటనే అడుగులు వేస్తుంది. అలాగే వంపు తిరిగేటప్పుడు బయటి బొమ్మలకు వేగం హెచ్చుతుంది, లోపలివాటికి తగ్గుతుంది. చేప లోపలి దారానికి పడితే, “ఇంకా మెల్లగా పోవా లన్నమాట!” అంటాడు ముసలాయన. చేప చెప్పినట్టు మోటారు తగ్గిస్తాడు. పైకి వచ్చిన చేపమీద దీపం పడగానే నీళ్ళలో రెండు కళ్ళు భగ్గున వెలుగుతాయి. వలబుట్ట కిందికి పోతుంది.

ఇదంతా బాగానే ఉన్నది. కాని సరంగు ఊరికే పడమటి దిక్కు చూస్తూండటం మీరు గమనించారా? ఇప్పుడు ఆ లోతు సంగతి వచ్చింది. ఈరీ సరస్సు నైరుతినుంచి ఈశాన్యానికి పొడవుగా, పళ్ళెంలాగా లోతు తక్కువగా ఉన్నది. నవంబరులో నైరుతి గాలి విరుచుకుపడితే నీరంతా తూర్పు కొసన ఉన్న బఫెలో నగరంవైపు తోసుకుపోతుంది. అటు పొంగు, ఇటు తీత. ఒక కొసకూ మరొక కొసకూ పది అడుగులకు మించి తేడా వచ్చిన రోజులు ఉన్నవి. 1844లో ఇలాగే నీరు బఫెలోమీద పడి ఎందరో చనిపోయారు. లోతు తక్కువగనక అలలు కూడా పొట్టిగా, నిటారుగా, ఒకదానివెంట ఒకటి ఊపిరి తిప్పుకోనివ్వకుండా వస్తాయి.

చలినీటిలో పడ్డవాడికి ఒక లెక్క చెబుతారు: ఒకటి, పది, ఒకటి. మొదటి నిమిషం ఊపిరి ఎగదన్నుతుంది. అప్పుడు కంగారుపడక ఊపిరి నిలుపుకోవాలి. తరవాత పది నిమిషాలదాకా కాళ్ళూ చేతులూ మాట వింటాయి. ఆలోగా పడవ ఎక్కాలి. సుమారు ఒక గంటకు స్పృహ తప్పుతుంది. తేలే చొక్కా తొడుక్కోనివాడికి ఆ గంట కూడా దక్కదు. అందుకే మన సరంగు, చొక్కా తాళ్ళు బిగించుకోనివాణ్ణి పడవలో కాలు పెట్టనివ్వలేదు.

ఇన్ని చేపలున్న ఈ సరస్సు చచ్చిపోయిందని పత్రికలు రాసిన కాలం ఒకటి ఉన్నది. ఊళ్ళ మురుగూ, ఫాక్టరీల మలినమూ దీనిలోనే కలిసేవి. 1953 సెప్టెంబరులో గాలి లేక నీరు కదలక, పడమటి భాగంలో అడుగునీటిలో ప్రాణవాయువు అయిపోయింది. చేపలకు ఆహారమైన మే పురుగుల పిల్లలు బురదలో ఉన్నవి ఉన్నట్టే చచ్చాయి. 1969లో, క్లీవ్‌లండు దగ్గర ఈ సరస్సులో కలిసే కయహోగా నది అంటుకుని మండింది. నది మండటమేమిటని అడుగుతారు. మండింది నీరు కాదు, నీటిమీద తేలే నూనే, చెత్తానూ. 1970లో చేపలలో పాదరసం కనబడితే వాలైని పట్టటమే ఆపించారు. వాలైకి దగ్గర చుట్టమైన ‘బ్లూ పైక్’ అనే చేప ఒకప్పుడు పడవల నిండా పడేది. 1983లో అది అంతరించిపోయిందని ప్రకటించారు. ఇక మనం దాన్ని చూడలేం.

1972లో అమెరికా, కెనడాలు ఒడంబడిక చేసుకుని మురుగును అరికట్టటం మొదలుపెట్టాయి. వాలై తిరిగి పెరిగింది. మే పురుగులు కూడా వచ్చాయి; వేసవిలో అవి మబ్బులాగా లేస్తే వాతావరణ శాఖవారి రాడారులో కనబడతాయి! పూర్తిగా బాగయిందని చెప్పటానికి లేదు. పొలాల ఎరువు కొట్టుకువచ్చి వేసవిలో పడమటి కొసన నాచు పెరుగుతూనే ఉన్నది. 2014 ఆగస్టులో ఆ విషపు నాచువల్ల టొలీడో నగరంలో సుమారు అయిదు లక్షలమంది కొళాయి నీరు తాగకుండా ఉండవలసివచ్చింది.

ఆ ఒడ్డువాళ్ళకు ఈ చేప అంటే ఎంత ముద్దో చూడండి: పోర్ట్ క్లింటన్ అనే ఊళ్ళో ప్రతి డిసెంబరు 31 అర్ధరాత్రీ వైలీ అనే పెద్ద బొమ్మవాలైని పైనుంచి కిందికి దించి కొత్త సంవత్సరం పిలుచుకుంటారు.

తొమ్మిదయింది. సరంగు కొలబద్ద తీస్తాడు. పదిహేను అంగుళాలకన్నా పొట్టిదాన్ని ఉంచుకోవటానికి ఒహాయో చట్టం ఒప్పదు గనక ఒకదాన్ని తిరిగి నీళ్ళలోకి జారవిడుస్తాడు. పదహారేళ్ళు నిండనివాళ్ళకు వేట లైసెన్సు అక్కరలేదు; కొలబద్ద మాత్రం అందరికీ ఒక్కటే. పలకలు ఒక్కొక్కటిగా పడవలోకి వస్తాయి. దీపాలు ఆరుతాయి. తాళ్ళమీద అప్పుడే తెల్లగా మంచు పేరుకున్నది. ఎడమపక్క ఎర్రదీపం, కుడిపక్క పచ్చదీపం పెట్టుకుని పడవ రేవువైపు మళ్ళింది. గాలి నైరుతికి తిరిగింది. రేపు ఎవరూ పడవ దించరు.