అమ్మానాన్నల ఇంట్లో పుట్టిన కంప్యూటర్

బెర్లిన్ వెళ్లినవాళ్లు గోడ ముక్కల దగ్గర ఫొటోలు దిగకుండా రారు. కంప్యూటర్ అంటే ఇష్టమున్నవాళ్లు మాత్రం క్రాయిట్స్‌బెర్గ్ గుట్ట దాకా వెళ్లి తీరాలి. ఎత్తు 66 మీటర్లే. చుట్టూ విక్టోరియా పార్కు, మనుషులు కట్టిన ఓ జలపాతం. ఆ పార్కు అంచునే మెత్‌ఫెసెల్ వీధి. అక్కడి ఓ ఫలకం మీద కనిపించే పేరు... కాన్రాడ్ జూస్!

1910లో బెర్లిన్‌లోనే పుట్టిన జూస్ సివిల్ ఇంజినీరింగ్ చదివి హెన్షెల్ విమానాల కంపెనీలో చేరాడు. అక్కడ రోజూ చేసిన లెక్కే మళ్లీ మళ్లీ చేయాలి. విసుగెత్తిపోయింది. ఆ పనేదో యంత్రంతోనే చేయించాలనుకుని ఉద్యోగం మానేశాడు. 1936లో అమ్మానాన్నల ఇంట్లోనే పని మొదలైంది. ఇంటివాళ్లూ స్నేహితులూ తలా కొంత డబ్బిచ్చారు. స్నేహితులు కూర్చుని రేకులను రంపంతో కోసిపెట్టారు. రెండేళ్లకు 'జడ్-1' తయారైంది. అంకెలన్నీ సున్నా, ఒకటి రూపంలోనే. ఆదేశాలేమో రంధ్రాలు కొట్టిన సినిమా రీలు మీద! కాకపోతే రేకులు తరచూ ఇరుక్కుపోయేవి. అందుకే టెలిఫోన్ రిలేల వైపు మళ్లాడు. 1941 మే 12న శాస్త్రవేత్తల ముందు నడిపి చూపిన 'జడ్-3', ఆదేశాల ప్రకారం తనంతట తాను పనిచేసిన తొలి కంప్యూటర్‌గా చరిత్రకెక్కింది.

అయితే అది నాజీల కాలం. జడ్-3కి విమాన పరిశోధన సంస్థ డబ్బు అందింది. జూస్ చేసిన మరో యంత్రం ఎగిరే బాంబుల రెక్కల లెక్కలు కట్టింది. ఆయన కథలో ఈ నీడను దాటేసి వెళ్లలేం. ఆ యుద్ధమే ఆయన శ్రమనూ మింగింది. బాంబుదాడుల్లో ఇల్లూ, జడ్-1, జడ్-3 యంత్రాలూ, వాటి డ్రాయింగులూ నాశనమయ్యాయి.

మిగిలింది జడ్-4 ఒక్కటే. 1945లో దాన్ని బెర్లిన్ దాటించి, చివరికి ఆల్ప్స్ కొండల్లోని హింటర్‌స్టైన్ అనే పల్లెకు చేర్చి దాచాడు. అక్కడ యంత్రం నడిపే వీల్లేదు. ఖాళీగా కూర్చోలేక, 'ప్లాన్‌కల్‌క్యూల్' అనే ప్రోగ్రామింగ్ భాషకు తుదిరూపం ఇచ్చాడు. 1950లో జడ్-4 జూరిచ్‌లోని సాంకేతిక విశ్వవిద్యాలయానికి చేరి అక్కడ ఐదేళ్లు పనిచేసింది. ఇప్పుడది మ్యూనిక్‌లోని డాయిష్ మ్యూజియం సొత్తు.

మరి జడ్-1? గుట్ట నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే, గ్లైస్‌డ్రైయెక్ రైల్వేస్టేషన్ దగ్గర టెక్నాలజీ మ్యూజియం ఉంది. డాబా మీద పాత రవాణా విమానం వేలాడుతుంటుంది కాబట్టి అడ్రసు అడగనక్కర్లేదు. లోపల మంచమంత యంత్రం... వేలకొద్దీ రేకులు, కడ్డీలు. 1986లో, 76 ఏళ్ల వయసులో, జూస్ మళ్లీ మొదలుపెట్టి మూడేళ్లలో నిలబెట్టిన జడ్-1 ఇదే. తమాషా ఏమిటంటే, ఇదీ అసలుదానిలాగే మొరాయించేది!

జూస్ 1995లో హ్యూన్‌ఫెల్డ్ పట్టణంలో కన్నుమూశాడు. ఆ రేకుల ముందు నిలబడి సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకునేవాళ్ల చేతుల్లో నడుస్తున్నవీ ఆ సున్నా, ఒకటే.