భీమిలి వెళ్ళి వస్తూ, ఎడమచేతి వైపు సముద్రం

విశాఖపట్నంలో చుట్టాలు దిగారంటే రెండో రోజుకల్లా భీమిలి మాట రాక తప్పదు. "ఎంత దూరం బావా, గంటలో పోమా?" అంటాడు హైదరాబాదు నుంచి వచ్చిన బావమరిది, ఫోన్లో మ్యాపు తీసి చూపిస్తూ. పోతాం. ఆర్కే బీచ్ నుంచి భీమునిపట్నం పాతిక ముప్పై కిలోమీటర్లు. రోడ్డు ఖాళీగా ఉండి, ఎక్కడా ఆగకపోతే గంటలో పని. ఆగకుండా పోయేట్టయితే మరి ఆ రోడ్డెక్కడం దేనికి? హనుమంతవాక, మధురవాడ, ఆనందపురం మీదుగా హైవే ఉండనే ఉంది. పనుల మీద వెళ్ళేవాళ్ళు అటే పోతారు.

ఆదివారం భీమిలి ప్రయాణాలు చాలావరకు ఒకేలా నడుస్తాయి. టిఫిన్లయ్యి, పిల్లలు తెమిలి, అత్తయ్యగారు మందులు వేసుకుని, కారు వీధి మలుపు తిరిగేసరికి పది. జలాంతర్గామి దగ్గర ఓ గంట. తెన్నేటి పార్కు దగ్గర ఫోటోలు. రుషికొండలో పిల్లలు నీళ్ళలో దిగుతారు, ఇక బయటికి రారు. భీమిలి చేరేసరికి మిట్ట మధ్యాహ్నం. ఇసుక కాలిపోతుంటుంది, కడుపులు కాలిపోతుంటాయి. ఏదో హోటల్లో తినేసి వెనక్కి తిరుగుతారు. మూడున్నర వందల ఏళ్ళ చరిత్ర ఉన్న ఊరికి దక్కేది మనం అన్నిచోట్లా ఖర్చుపెట్టగా మిగిలిన ఎంగిలి సమయం.

అందుకని నా లెక్క వేరు. ఈ రోడ్డు మీద వెళ్ళేటప్పుడు సముద్రం కుడివైపు, కొండలు ఎడమవైపు. మన బండి నడిచేది ఎడమ అంచున, అంటే కొండల పక్కన. తిరిగొచ్చేటప్పుడు సముద్రం ఎడమకి వస్తుంది, మనం దాని అంచునే నడుస్తాం. కాబట్టి వెళ్ళేటప్పుడు కొండ వైపువి చూసుకుంటూ పోవాలి, వచ్చేటప్పుడు సముద్రానివి. పిల్లల్ని రెక్క పట్టుకుని రోడ్డు దాటించే పని ఉండదు, యూ టర్న్ కోసం కిలోమీటరు ముందుకి పోయే పనీ ఉండదు. బస్సులో వెళ్ళేవాళ్ళకి కూడా ఇదే సూత్రం. 900కె ఎక్కితే పోయేటప్పుడు కుడి కిటికీ, వచ్చేటప్పుడు ఎడమ కిటికీ.

బయల్దేరే వేళ ఉదయం ఏడు. అంతకన్నా ముందు దిగినా లాభం లేదు. ఆర్కే బీచ్ దగ్గర తెల్లవారుజామున నడకకొచ్చేవాళ్ళ కోసం రోడ్డుని కొంత మేర బళ్ళకి మూసేస్తారు. తొందరగా పోవాలనుకునేవాళ్ళు ఎంవీపీ కాలనీ లోపల్నుంచి వచ్చి లాసన్స్ బే దగ్గర బీచ్ రోడ్డు కలుపుకోవచ్చు. పొద్దుటి ఎండ కుడి కంట్లో పొడుస్తుంది, డ్రైవరుకి నల్లద్దాలు తప్పనిసరి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అయితే కార్తీక మాసం ఆదివారాలు మాత్రం వద్దు. వనభోజనాల వాళ్ళు గుండిగలతో సహా ఈ రోడ్డు మీదే ఉంటారు.

లాసన్స్ బే దాటగానే ఎడమన కైలాసగిరి మొదలు. రోడ్డు కొండ పాదాన్ని పట్టుకుని కాస్త ఎక్కి మలుపు తిరుగుతుంది. కుడిపక్క కిందంతా రాళ్ళు, వాటి మీద విరిగే నురగ. ఈ మలుపులో ఎవరికైనా ఆగాలనిపిస్తుంది. ఆగకండి. పైకి రోప్‌వే ఉంది, శివపార్వతుల తెల్లటి విగ్రహాలున్నాయి, అదంతా ఇంకో సాయంత్రానికి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను సరిగ్గా ఈ ఊరి మీదే తీరం దాటింది. మర్నాడు చూస్తే ఈ కొండల మీద ఒక్క పచ్చటి ఆకు లేదు, కొండంతా కాలినట్టు గోధుమరంగుకి తిరిగిపోయింది. ఇప్పుడు కనపడే పచ్చదనం చాలావరకు ఆ తర్వాతిది.

జోడుగుళ్ళపాలెం, సాగర్‌నగర్ గబగబా దాటేయొచ్చు. జూ పార్కుకి ఇటువైపు కూడా ఓ గేటుంది. కంబాలకొండ అడవిని ఆనుకుని 600 ఎకరాల పైన ఉన్న ఆ జూని గంటలో చూసొస్తామనుకోవడం పిచ్చి. దానికి రోజంతా కావాలి.

రుషికొండ దగ్గర ఎడమన ఐటీ కొండ, గీతం విశ్వవిద్యాలయం, కుడిన కొండ తొలిచి కట్టిన భవనాలు. ఆ భవనాల రాజకీయం కారులో మొదలైతే భీమిలి దాకా తెగదు. రెండు పార్టీల వాళ్ళూ ఒకే కారులో ఉన్న కుటుంబాలైతే ఈ ముక్క దగ్గర పాటలు పెట్టుకోవడం మేలు.

మొదటి మజిలీ తొట్లకొండ. మెయిన్ రోడ్డు నుంచి ఎడమకి తిరిగి, మెలికలు తిరిగే దారిలో కొండెక్కాలి. సముద్రానికి 128 మీటర్ల ఎత్తు. 1976లో నౌకాదళం వాళ్ళు స్థావరం కోసం ఆకాశం నుంచి సర్వే చేస్తుంటే ఈ బౌద్ధారామం బయటపడింది. 1988 నుంచి కొన్నేళ్ళు పురావస్తు శాఖ తవ్వింది. మహాస్తూపం పునాది, భిక్షువుల గదుల వరసలు, భోజనశాల, రాతిలో తొలిచిన నీటి తొట్లు. తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. కొండ మీద ధ్యానం చేసుకునే సన్యాసుల దగ్గరికి రోము డబ్బు ఎలా వచ్చిందని బావమరిది అడుగుతాడు. సముద్రం వైపు నిలబెడితే చాలు, అతనికే తెలుస్తుంది. ఇటు బావికొండ, అటు భీమిలి పక్కన పావురాళ్ళకొండ, మధ్యలో ఇది. మూడింటి మీదా ఆరామాలే, మూడింటికీ ఎదురుగా సముద్రమే. ఓడల వాళ్ళు దానాలిచ్చారు, ఆ దానాలతో ఆరామాలు బతికాయి. వాన నీళ్ళు పట్టుకునే ఆ తొట్ల దగ్గర కాసేపు కూర్చోండి. రాతి అంచు మీద చెయ్యి వేస్తే, పొద్దున్న పూట ఇంకా చల్లగా ఉంటుంది. గోడల వరసలు మోకాలెత్తుకి మించవు. ఒక గది కొలత చూస్తే ఒక మనిషి పడుకోవడానికి, ఒక దీపం పెట్టుకోవడానికి సరిపోయేంత. పిల్లలు గది నుంచి గదికి గెంతుతారు. గోడల మీద ఎక్కనివ్వకండి.

కొండ దిగాక రామానాయుడు స్టూడియో, మంగమారిపేట, ఐఎన్ఎస్ కళింగ. కళింగ దగ్గర నేవీ గోడ వెంట పోతూ ఫోన్లు లోపల పెట్టేసుకోవడం మర్యాద. దాని తర్వాతే ఎర్రమట్టి దిబ్బలు.

ఈ ప్రయాణంలో ఎక్కువ సేపు ఉండాల్సిన చోటేదంటే నేను ఇదే అంటాను. భీమిలికి నాలుగైదు కిలోమీటర్ల ముందు కారు దిగి లోపలికి నడిస్తే, ఉన్నట్టుండి నేల రంగు మారిపోతుంది. ఇటుకరంగు గోడల మధ్య సన్నటి వాగుదారులు, అడుగున మెత్తటి ఇసుక, పైన తాటిచెట్లు, జీడిమామిడి. సినిమాల్లో చాలాసార్లు చూసిన చోటే. అయితే సినిమా వాళ్ళు గోడల్ని దూరం నుంచి చూపిస్తారు. దగ్గరికెళ్ళి వేలితో గీరితే సన్నటి ఎర్రటి పొడి రాలుతుంది. అది మట్టి కాదు, ఇసుకే. ఒక్కో ఇసుక రేణువుకి ఇనుప తుప్పు పూత పట్టింది.

సంగతేమిటంటే, చివరి హిమయుగంలో సముద్రమట్టం ఇప్పటికన్నా చాలా కిందికి దిగిపోయింది. ఒడ్డు దూరంగా జరిగింది, బయటపడ్డ ఇసుకని వేల ఏళ్ళపాటు గాలి ఎత్తి తెచ్చి ఇక్కడ పోగేసింది. తూర్పు కనుమల ఖోండలైట్ రాతి నుంచి వచ్చిన గార్నెట్ లాంటి ఖనిజాలు అందులో ఉన్నాయి. వానకీ ఎండకీ అవి కరిగి, లోపలి ఇనుము ఆక్సైడుగా మారి రేణువుల్ని ఎర్రగా పూసేసింది. తర్వాత వాన నీళ్ళు ఆ దిబ్బల్ని కోసుకుంటూ వాగులు చేశాయి. కోత ఇప్పటికీ ఆగలేదు. వర్షాకాలం తర్వాత వెళ్తే కొత్తగా కూలిన గోడ ముక్కలు కనిపిస్తాయి. ఇలాంటి ఎర్ర ఇసుక దిబ్బలు తమిళనాడు తీరంలోనూ శ్రీలంకలోనూ తప్ప దక్షిణాసియాలో మరెక్కడా పెద్దగా లేవు. జియలాజికల్ సర్వే దీన్ని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకీ ఎక్కింది. జాబితాల సంగతి ఎలా ఉన్నా, పక్కన లేఅవుట్ల కోసం మట్టి చదును చేసే యంత్రాల వార్తలు ఏడాదికోసారి పేపర్లో వస్తూనే ఉంటాయి. వేల ఏళ్ళు పట్టిన గోడ జేసీబీకి ఒక పూట పని.

పెద్దవాళ్ళు ఉంటే అంచుల మీదికి వెళ్ళనివ్వొద్దు. పైనుంచి గట్టిగా కనిపించే అంచు కింద వాన తొలిచేసి ఉంటుంది. నీళ్ళ సీసాలు మనమే తీసుకెళ్ళి, ఖాళీవి మనమే వెనక్కి తెచ్చుకోవాలి.

ఇక భీమిలి. ఊళ్ళోకి వెళ్ళగానే జీవీఎంసీ బోర్డులు కనిపిస్తాయి. 2013లో ఈ ఊరిని మహా విశాఖలో కలిపేశారు. కాగితాల మీద ఇప్పుడిది విశాఖకి ఒక చివర. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడ్డ ఊరు, దేశంలోని పాత మునిసిపాలిటీల్లో ఒకటి, ఇంకో ఊరికి వార్డులుగా మిగిలింది. విశాఖలో హార్బరు తెరిచింది 1933లో. దానికి చాలా ముందే, 17వ శతాబ్దంలో డచ్చి వాళ్ళు గోస్తనీ మొగ దగ్గర దిగి ఇక్కడ వర్తకం మొదలుపెట్టారు. బట్టలు కొని ఓడలకెత్తారు. 1825లో ఊరిని ఇంగ్లీషు వాళ్ళకి అప్పగించి వెళ్ళిపోయారు. వెళ్ళలేనివాళ్ళు శ్మశానంలో ఉన్నారు.

ఆ డచ్చి సమాధుల్ని వెతుక్కుని వెళ్ళాలి, ఎవర్నడిగినా దారి చెబుతారు. కూచిగా పైకి లేచిన గచ్చు కట్టడాలు కొన్ని, నేలబారు రాతి పలకలు కొన్ని. పలకల మీద అక్షరాలు ఉప్పుగాలికి అరిగి, కొన్నిచోట్ల వేలితో తడిమితే గానీ అంకెలు తెలియవు. అక్కడి నుంచి గడియార స్తంభం, లైట్‌హౌస్, పాత చర్చి, అన్నీ నడిచే దూరంలోనే. కారు ఒకచోట పెట్టేసి కాళ్ళకి పని చెప్పడం మంచిది. కొండ మీద నరసింహస్వామి గుడి ఉంది. బకాసురుణ్ణి చంపిన భీముడి పేరే ఊరికి వచ్చిందని స్థానికులు చెబుతారు.

గోస్తనీ అనంతగిరి కొండల్లో, బొర్రా గుహల దగ్గర పుట్టి, తాటిపూడి జలాశయంలో ఆగి, తగరపువలస మీదుగా ఇక్కడికొస్తుంది. విశాఖ తాగే నీళ్ళలో తాటిపూడి వాటా ఉంది కాబట్టి, మొగ దగ్గరికి చేరేది మనం తాగగా మిగిలిన నదే. వేసవిలో ఇసుక మేట అడ్డం పడి నది సముద్రాన్ని సరిగా అందుకోలేదు. పొద్దున్నే వస్తే పడవలు ఒడ్డుకి చేరే సమయం. కానాగంతలు, కవళ్ళు గంపల్లోకి పోస్తూ బేరం ఆడే ఆడవాళ్ళ గొంతులు గాలి హోరు మీంచి వినిపిస్తాయి. "పొద్దున వలే అమ్మా, కళ్ళు చూడు, ఎలా మెరుస్తున్నాయో" అంటుంది గంప దించిన ఆవిడ. ఆవిడ చూడమన్నది చేప కన్ను, దాన్నే చూడాలి. మొప్పలెత్తి ఎరుపు కూడా చూడాలి. వంజరం కావాలంటే ముందే ఐస్‌బాక్సు కారులో పెట్టుకోవాలి. లేకపోతే తిరుగు ప్రయాణంలో ఎక్కడా ఆగే అవకాశం ఉండదు.

పదకొండున్నరకి బండి తిప్పితే ఇక సముద్రం మన చేతి పక్కనే. మంగమారిపేట దగ్గర ఆగితే, ఆటు వేళ సహజ శిలాతోరణం దాకా నడిచి పోవచ్చు. పోటు వేళ దూరం నుంచే చూసి ఊరుకోవాలి. ఇక్కడ ఒడ్డు ఇసుకని గుప్పిట్లోకి తీసుకుంటే నల్లటి చారలు, మధ్యలో లేత గులాబీ మరకలు కనిపిస్తాయి. నలుపు ఇల్మనైటు, గులాబీ గార్నెట్. దిబ్బల దగ్గర తుప్పుపట్టి ఎర్రబడ్డ సరుకే ఇక్కడ కడిగినట్టు కనపడుతోంది.

రుషికొండ బీచికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. స్నానపు గదులు, లైఫ్‌గార్డులు ఉన్నారు. అయినా ఈ తీరంలో లోనికి లాగే ప్రవాహం ఏటా ప్రాణాలు తీస్తోంది. లైఫ్‌గార్డు ఈల వేశాడంటే వాదించకుండా బయటికొచ్చేయాలి. పిల్లల్ని మోకాళ్ళ లోతు దాటనివ్వకండి, వాళ్ళు ఏడ్చినా సరే. భోజనం ఇక్కడే.

తెన్నేటి పార్కు దగ్గర 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ ఓడ ఎంవీ మా వాయుగుండానికి కొట్టుకొచ్చి రాళ్ళ మీద ఎక్కింది. ఆ చోటు చూడాలనుకుంటే కారు పెట్టడానికి వీలు ఇటువైపే. ఇంకొన్నేళ్ళకి ఈ అంచు ఎలా ఉంటుందో చెప్పలేం. భోగాపురం విమానాశ్రయం దాకా ఈ రోడ్డుని వెడల్పు చేసి గోస్తనీ దాటించాలన్న మాట చాన్నాళ్ళుగా నలుగుతోంది.

ఆర్కే బీచ్ చేరేసరికి రెండు దాటుతుంది. కురుసుర జలాంతర్గామి దగ్గరికి ఇప్పుడు వెళ్ళాలి. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా నీళ్ళలో తిరిగి, 2002లో ఇసుక మీదికి ఎక్కిన ఈ 91 మీటర్ల ఇనుప గొట్టంలోకి పొద్దున పదింటికి దూరితే ఒక అందం, ఎండలో తిరిగి వచ్చాక దూరితే ఇంకో అందం. ఒక అర నుంచి ఇంకో అరకి పోవడానికి ఉన్నవి గుండ్రటి బెజ్జాలు. తల, మోకాలు రెండూ ఒకేసారి వంచాలి. ఎదురుగా రోడ్డుకి అవతల టీయూ-142 విమానం ఉంది, దానికి రోడ్డు దాటక తప్పదు. సోమవారం రెండూ మూసేస్తారు. ఆదివారమైతే నాలుగు కొట్టేలోపే చేరుకోవాలి. ఆ తర్వాత ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ బళ్ళకి తప్ప మరే బండికీ చోటు దొరకదు.