చిట్టి అడుగులకో కొండ... చెంతనే మామిడి తోట!

మామిడి తోటలో కాయ కనిపించని కాలం కార్తికం. చిత్రమేమిటంటే, పిల్లల్ని తోటకు తీసుకెళ్లడానికి అంతకుమించిన కాలం లేదు. పక్కనే ఎక్కడానికో చిన్న కొండ కూడా ఉంటే ఇక చెప్పేదేముంది! ఆగిరిపల్లిలో ఆ రెండూ ఉన్నాయి.

నూజివీడు అనగానే నోరూరుతుంది. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి... అన్నీ వేసవి పేర్లే. కానీ ఆ వేసవిలో పసిపిల్లల్ని వెంటేసుకుని తోటలోకి వెళ్తే తెలుస్తుంది సంగతి. పైన నలభై డిగ్రీలు దాటిన ఎండ. కింద కోతల హడావుడి. చాలా తోటల్లో అప్పటికే కాపు వ్యాపారి చేతిలో ఉంటుంది. ఒక్కో కాయా లెక్కే. బుడతడు కాయకేసి చెయ్యి చాచాడంటే కాపలాదారు గొంతు సవరిస్తాడు!

మరి వానాకాలంలో? దారులన్నీ బురద, మోకాళ్లదాకా గడ్డి. ఆ గడ్డిలో ఏం దాగుందో తెలియదు. డిసెంబరు, జనవరి నెలల్లో పూత మొదలవుతుంది. పూతతోపాటే తేనెమంచు పురుగు, దాని కోసం మందుల పిచికారీ. ఆ రోజుల్లో తోటలో పిల్లలు తిరగడం మంచిది కాదు.

ఇలా ఒక్కో నెలా తీసేస్తూ వస్తే మిగిలేది దసరా వెళ్లాక పూత పట్టేలోగా వచ్చే ఆ కొద్ది వారాలే. వానలు వెనక్కి తగ్గి నేల గట్టిపడుతుంది. మంచి పూత రావాలంటే ఈ రోజుల్లో చెట్టుకు నీళ్లు పెట్టకూడదని రైతులు తడి ఆపేస్తారు. చెట్టుకు విశ్రాంతి, రైతుకు కాస్త తీరిక. మన పెద్దలు వనభోజనాలకు సరిగ్గా ఈ కాలాన్నే ఎంచుకున్నారు. ఉసిరి చెట్టు కింద భోజనం పుణ్యమన్నారు. పుణ్యం మాట ఎలా ఉన్నా, పిల్లలు చెట్ల కింద హాయిగా ఆడుకోవడానికి కోస్తాలో ఇంతకంటే అనువైన రోజులుండవు.

ఆ... కిరి... పల్లి!

ఆగిరిపల్లి నూజివీడుకూ విజయవాడకూ దగ్గరే. బెజవాడ నుంచి బయల్దేరితే గంట ప్రయాణం. మొన్నమొన్నటి వరకూ కృష్ణా జిల్లా. 2022లో జిల్లాల పునర్విభజనతో ఏలూరు జిల్లాలో చేరింది. ఊరిని ఆనుకుని శోభనాచలం. తూర్పు కనుమల నుంచి విడివడి మైదానంలో అక్కడొకటి ఇక్కడొకటిగా నిలిచిపోయిన గుట్టల్లో ఇదీ ఒకటి. కొండ మీద వ్యాఘ్ర లక్ష్మీనరసింహస్వామి. రథసప్తమికి జనంతో కిటకిటలాడే ఈ కొండ మామూలు రోజుల్లో మాత్రం ప్రశాంతంగా ఉంటుంది.

ఊరి పేరుకో కథ చెబుతారు. 'కిరి' అంటే వరాహం. విష్ణుమూర్తి వరాహ రూపంలో వచ్చి ఇక్కడి కోనేరు తవ్వాడట. అందుకే అది వరాహ పుష్కరిణి. ఊరు ఆకిరిపల్లి, వాడుకలో ఆగిరిపల్లి. కొండెక్కే ముందు ఈ కథ చెబితే చాలు, పిల్లలు కోనేటి గట్టు మీద పంది గిట్టల గుర్తులు వెతకడం మొదలుపెడతారు. ఆ వెంటనే ప్రశ్నల వర్షం. 'నరసింహస్వామిది సింహం ముఖం కదా, వ్యాఘ్రమంటే పులి కదా, మరి ఇదేంటి?' అని అడిగితే తడుముకోవాల్సిన పన్లేదు. అమ్మమ్మనో తాతయ్యనో వెంట తీసుకెళ్తే సరి!

పైకి చేరకపోతే ఏం?

చిన్నపిల్లలతో కొండెక్కేటప్పుడు పెద్దలకు తరచూ ఒకటే తొందర... ఎప్పుడు పైకి చేరతామా అని. ఐదేళ్ల పిల్లకు ఆ తొందర ఉండదు. మెట్టు పక్కన రోకలిబండ కనిపిస్తే కొండ సంగతే మర్చిపోతుంది. దాన్ని పుల్లతో ముట్టుకుంటే చక్రంలా చుట్టుకుపోతుంది. మళ్లీ ఎప్పుడు విప్పుకుంటుందా అని చూస్తూ పది నిమిషాలు గడిపేస్తుంది. 'పద పద' అని చెయ్యి పట్టి లాగితే ఏడుపు. ఆగితే ఆట. ఇంతే తేడా.

అందుకని లెక్క మార్చుకోవాలి. పెద్దలు అరగంటలో ఎక్కే దారికి పిల్లలతో గంటన్నర అనుకుని బయల్దేరితే చిరాకు ఉండదు. మెట్లు లెక్కపెట్టే పని పిల్లలకే అప్పగించండి. అన్నకో అంకె వస్తుంది, చెల్లికో అంకె. ఎవరిది నిజమో తేల్చుకోవాలంటే దిగేటప్పుడు మళ్లీ లెక్కపెట్టాలి! నిచ్చెనలెక్కి అలసిన కాళ్లకు అదే మందు. సగం దారిలో 'ఇక నావల్ల కాదు' అంటే అక్కడే కూర్చుని మరమరాలు తిని దిగిపోయినా తప్పేం లేదు. మిగతా సగం వచ్చే ఏడాది కార్తికానికి.

ఓపిక ఉండి పైకి చేరితే మాత్రం ఓ బహుమతి ఉంది. చుట్టూ మామిడి తోటలు. కింద నుంచి ఒక్కో చెట్టూ గొడుగులా కనిపిస్తే, పై నుంచి అన్నీ కలిసి పచ్చటి దుప్పటి అయిపోతాయి.

లేతాకు ఎర్రబడే చోటు

జపాన్‌లో శరత్కాలం వస్తే కుటుంబాలు కొండల బాట పడతాయి. ఎర్రబడిన ఆకులు చూడ్డానికే ఆ ప్రయాణం. దాన్ని మొమిజిగారి అంటారు. జర్మనీలో బడిపిల్లల్ని నడకకు తీసుకెళ్లడానికి ప్రత్యేకంగా ఓ రోజు కేటాయిస్తారు. వాండర్‌టాగ్ అంటారు దాన్ని. మనకేమో ఆకులు ఎర్రబడే శరత్తు లేదని కొందరి బెంగ. మామిడి చెట్టు దగ్గరికెళ్లి చూస్తే ఆ బెంగ తీరిపోతుంది. అక్కడ రాలిపోయే ముందు ముసలి ఆకు ఎర్రబడితే, ఇక్కడ పుట్టగానే లేతాకు ఎర్రబడుతుంది. వానల తర్వాత వేసిన చిగురు రాగి రంగులో మెరిసి, మెల్లగా ఆకుపచ్చకు తిరుగుతుంది. ఒకే కొమ్మ మీద రాగి, లేతాకుపచ్చ, ముదురాకుపచ్చ... మూడూ ఏరి చూపించమంటే పిల్లలకు అదో ఆట.

కొంచెం తలెత్తి చూస్తే ఆకులన్నీ దగ్గరకు లాగి కుట్టినట్టున్న బంతులు కనిపిస్తాయి. అవి ఎర్రచీమల గూళ్లు. సూదీ దారం లేకుండా ఎలా కుట్టాయంటారా? కొన్ని చీమలు ఆకుల అంచులు దగ్గరగా పట్టుకుంటాయి. మరికొన్ని తమ పిల్లపురుగుల్ని నోట కరచుకుని అటూ ఇటూ తిప్పుతాయి. వాటి నుంచి వచ్చే పట్టుదారంతో ఆకులు అతుక్కుంటాయి. పిల్లలతో పనిచేయించుకునే కుటుంబమన్నమాట! చూడ్డం వరకే సుమా. ముట్టుకుంటే కుడతాయి.

ఇదే సీతాఫలాల కాలం కూడా. ఉసిరి కొమ్మలు కాయలతో వంగే కాలం. ఉసిరికాయ కొరికి మొహం చిట్లించిన పిల్లాడికి వెంటనే గుక్కెడు నీళ్లివ్వండి. ఆ నీళ్లు తియ్యగా అనిపించేసరికి వాడి కళ్లలో కనిపించే ఆశ్చర్యం ఏ బొమ్మల దుకాణంలోనూ దొరకదు.

తోట తలుపు తెరిచే ఉంటుందా?

ఒకప్పుడు వనభోజనానికి తోట అడిగితే కాదనే రైతు అరుదు. ఇప్పుడు కొందరు తటపటాయిస్తున్నారు. కారణం వాళ్ల మనసు మారడం కాదు. తోటలో మిగిలిపోతున్న సరంజామా. ప్లాస్టిక్ గ్లాసులు, థర్మోకోల్ పళ్లేలు, పగిలిన సీసాలు. పండగైపోయాక గొర్రు తోలేది ఆ నేలలోనే. వట్టి కాళ్లతో పనిచేసే కూలీ అరికాల్లో దిగేది ఆ గాజుపెంకే. చెట్టు మొదట్లోనే గాడిపొయ్యి పెడితే సెగకు కొమ్మలు మాడతాయి. వేసవిలో కాయాల్సిన కొమ్మలవి!

మరోపక్క తోటలూ తగ్గుతున్నాయి. తెగుళ్లు, నిలకడలేని ధరలతో విసిగి మామిడి తీసేసి పామాయిల్, మొక్కజొన్న వేసుకుంటున్న రైతులున్నారు. వారిని తప్పుపట్టలేం. ఆ లెక్కలు వాళ్లవి. ఇటు వనభోజనాలేమో కల్యాణమండపాల్లోకి, రిసార్టుల్లోకి మారిపోతున్నాయి. మైకులో పాటలు, బఫే వరసలు, పిల్లల చేతుల్లో ఫోన్లు. వనం లేని వనభోజనాలు! తోటనెప్పుడూ చూడని పిల్లలు రేపు పెద్దయ్యాక, చెట్లు పోతున్నాయంటే దేనికి బాధపడతారు?

అందుకే తోటకెళ్లేవాళ్లు కొన్ని పద్ధతులు పాటించాలి. ముందుగా రైతును అడగాలి. పొయ్యి చెట్ల మధ్య ఖాళీలో పెట్టి, వచ్చేముందు నీళ్లు చల్లి ఆర్పాలి. అరిటాకులో, విస్తరాకులో భోజనం. చెత్త ఏరే పని పిల్లలకూ పంచాలి. చివర్లో ఆ రైతుకూ ఓ విస్తరి వేస్తే వచ్చే ఏడాది తోట తలుపు తెరిచే ఉంటుంది.

బయల్దేరే ముందు...

* నవంబరులో సాయంత్రం ఐదున్నర దాటితే పొద్దు వాలిపోతుంది. పొద్దున్నే కొండెక్కి, ఎండ ముదిరేలోగా దిగి, మధ్యాహ్నం తోటలో గడిపితే చీకటి పడకుండా ఇల్లు చేరొచ్చు.

* అక్టోబరు, నవంబరు నెలలు తుపాన్లకూ కాలమే. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను మన కోస్తాలోనే తీరం దాటింది. వాతావరణ సూచన చూసుకునే ప్రయాణం పెట్టుకోండి. వానలో తడిసిన రాతిమెట్లు జారతాయి.

* నాగుల చవితి వచ్చేది ఈ నెలలోనే. పుట్టలో పాలు పోసే చెయ్యి పుట్టలో పెట్టకూడదని పిల్లలకు చెప్పండి. పొదలు, రాళ్ల సందులకు దూరంగా ఉండాలి. కాళ్లు కప్పే బూట్లు తప్పనిసరి.

* గుళ్లున్న కొండల మీద కోతులు మామూలే. తినుబండారాలు పిల్లల చేతికివ్వకుండా సంచిలో ఉంచండి.

* ఇంకో రోజు తీరిక ఉంటే కొండపల్లి ఖిల్లా, తెల్లపొణికి చెక్కతో బొమ్మలు చేసే ఇళ్లు చూడొచ్చు. కొల్లేరు వైపు వెళ్తే కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులు పలకరిస్తాయి.

ఖర్చంటారా? బస్సు చార్జీలు, పులిహోర, దద్దోజనం. వేసవిలో మళ్లీ రసాలు ఇంటికొస్తాయి. రసం పిండుతున్న అమ్మను ఆపి 'ఇది మనం చూసిన చెట్టుదేనా?' అని పిల్ల అడిగిందంటే... కార్తికంలో పెట్టిన ఆ ఖర్చు వడ్డీతో సహా తిరిగొచ్చినట్టే!