చేపలతొట్టి, దీపాలపెట్టె, రెండు ఫ్యాన్లు

కాకినాడలో ఉండే ఒక పాత బ్లాగ్మిత్రుడు మొన్న ఫోను చేసి, "మీ చేపలతొట్టి మీద పెట్టెకు ఎన్ని ఫ్యాన్లు బిగించారండీ?" అని అడిగారు. "రెండు" అని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. కానీ ఆ రెండు ఫ్యాన్ల వెనుక నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ ఒక్కసారి గుర్తుకొచ్చాయి. ఫోనులో చెప్పలేక, ఇక్కడ వ్రాస్తున్నాను.

2008 ఏప్రిల్‌లో మూడు రోజుల వ్యవధిలో మా తొట్టిలో 11 నియాన్ టెట్రాలు చనిపోయాయి. వాటిని చంపింది రోగం కాదు. ఎంతో ముచ్చటపడి నేను చేయించుకున్న టేకు పెట్టె. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులే పట్టింది. మొదట చేపలు అమ్మినవాణ్ణి తిట్టుకున్నాను, ఆ తరువాత బోరు నీళ్ళను, చివరకు వడ్రంగిని.

మా తొట్టి 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. రాళ్ళూ ఇసుకా పోగా సుమారు 220 లీటర్ల నీళ్ళు పడతాయి. లోపల మొక్కలు పెంచాలన్న కోరికతో 36 వాట్ల ట్యూబులైట్లు నాలుగు, వాటి చోకులు నాలుగు, అన్నీ ఒకే పెట్టెలో అమర్చి తొట్టి మీద మూతలాగా బోర్లించాలని నా ఆలోచన. వడ్రంగి కొలతలు తీసుకుంటూ, "వెనకాల కన్నాలు పెట్టమంటారా సార్?" అని అడిగాడు. వద్దన్నాను. కన్నాలలోంచి వెలుతురు గోడ మీద పడి అసహ్యంగా ఉంటుందని నా బాధ. అతడు మరోసారి అడిగాడు. నేను మరోసారి వద్దన్నాను. పెట్టె వచ్చింది. పాలిష్ నిగనిగలాడింది. ఇంటికి వచ్చినవాళ్ళందరూ చేపలను వదిలేసి పెట్టెనే మెచ్చుకున్నారు.

చలికాలమంతా ఏ ఇబ్బందీ లేదు. మార్చి దాటాక, సాయంత్రం మూత ఎత్తితే పెట్టె లోపలి పైభాగం నుండి నీటిబొట్లు టపటపా రాలేవి, ఉడుకుతున్న అన్నపు గిన్నె మీది మూత తీసినట్లు. అది చూసి "ఆహా, నీళ్ళు వృథాగా పోకుండా తిరిగి తొట్టిలోకే పడుతున్నాయి" అని సంతోషించాను కూడా! ఏప్రిల్ రెండవ వారంలో థర్మామీటరు 33.5 డిగ్రీలు చూపించింది. మరునాటి తెల్లవారుజామున టెట్రాలన్నీ నీటి పైపొరకు మూతులానించి గుటకలు వేస్తున్నాయి.

ఆ గుటకలకు కారణం తెలిసిందే. నీరు వేడెక్కిన కొద్దీ అందులో ప్రాణవాయువు కరిగి ఉండే పరిమాణం తగ్గుతుంది. సముద్రమట్టంలో, 25 డిగ్రీల వద్ద లీటరు నీటిలో 8.3 మిల్లీగ్రాముల వరకు కరుగుతుంది, 32 డిగ్రీల వద్ద 7.3 మాత్రమే. హైదరాబాదు అయిదు వందల మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది గనుక ఇక్కడ ఇంకా కొంచెం తక్కువ. ఈ తేడా చూడడానికి చిన్నదే. కానీ అదే వేడికి చేప ఒంట్లో వేగం పెరిగి, దానికి కావలసిన ప్రాణవాయువూ పెరుగుతుంది. పైగా రాత్రిపూట మొక్కలు కూడా చేపలతో పోటీపడి దానినే పీల్చుకుంటాయి. అందుకే చేపలు చనిపోయేది మిట్టమధ్యాహ్నం కాదు, తెల్లవారుజామున. నియాన్ టెట్రాకు 20 నుండి 26 డిగ్రీల నీరు హాయి. నేను దానిని 33 డిగ్రీలలో ఉంచి, మూత కూడా పెట్టాను.

వడ్రంగిని పిలిపించాను. కాస్త కోపంగానే పిలిపించాననాలి. అతడు దీపాలు వేయించి, కాసేపాగి పెట్టెలో చెయ్యి పెట్టి, "పొయ్యిలాగుంది సార్" అన్నాడు. ముందే చెప్పాను కదా అనలేదు. అన్నా బాగుండేది.

ఇక్కడినుండి నా రెండవ విడత తెలివితక్కువతనం మొదలవుతుంది. కన్నం ఒక్కటి చాలన్నాను. కంప్యూటరు డబ్బాలలో ఉండే 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఒకటి సికింద్రాబాదు సి.టి.సి.లో కొనుక్కొచ్చి, పెట్టె కుడి పక్కన కోయించిన ఆ గుండ్రటి కన్నానికి, వేడిగాలిని బయటికి లాగేటట్లు బిగించాను. బ్రహ్మాండంగా తిరిగింది. వారం గడిచినా నీరు అర డిగ్రీ మాత్రమే తగ్గింది. ఫ్యానుకు బలం చాలలేదనుకుని, పక్కనే రెండవది పెట్టే ప్రయత్నంలో పడ్డాను. లోపలికి గాలి వచ్చే దారి లేనప్పుడు బయటికి పోయే గాలి ఎక్కడినుండి వస్తుంది? సీసాలోంచి నీళ్ళు వంపేటప్పుడు గాలి లోపలికి పోకపోతే ధార ఎలా ఆగి ఆగి పడుతుందో, ఇదీ అంతే. ఇది చిన్నప్పుడే చదువుకున్న పాఠం.

సరేనని లోపలికి ఇంకో దారి చేయించాను. అదీ కుడి పక్కనే, ఫ్యానుకు జానెడు దూరంలో. పెట్టె వెనుక అక్కడ కోయడం సులువు కాబట్టి! ఈసారీ ఫలితం లేదు. ఏం జరుగుతున్నదో చూడాలని ఒక అగరుబత్తి వెలిగించి పెట్టె చుట్టూ తిప్పాను. కొత్త కన్నం దగ్గర పొగ చటుక్కున లోపలికి పోయి, అదే చటుక్కున ఫ్యానులోంచి బయటికి వచ్చేస్తోంది. ఎడమ చివర అగరుబత్తి పెడితే పొగ కదలకుండా నిలబడింది. అంటే నాలుగడుగుల పెట్టెలో మూడడుగుల వేడిగాలికి ఫ్యాను సంగతే తెలియదన్నమాట. అటుగా వచ్చిన మా అమ్మ నా చేతిలోని అగరుబత్తిని చూసి, "ఏమిరా, పోయిన చేపలకు ధూపమా?" అంది. ఎగతాళికే అన్నది గానీ, నాకు మాత్రం గుచ్చుకుంది.

మూడవసారి వడ్రంగికి పని అప్పగించి, నేను నోరు మూసుకున్నాను. అతడు ఎడమ పక్క చెక్కకు కింది భాగంలో, నీటికి నాలుగు వేళ్ళ ఎత్తున, రెండు ఫ్యాన్లకు సరిపడే కన్నాలు కోశాడు. కుడి చివర వెనుకవైపు, పైఅంచుకు దగ్గరగా, పొడవాటి చీలిక తీశాడు. ముందటి కుడి పక్క కన్నాలు రెండింటినీ చెక్క బిళ్ళలతో మూసేశాడు. గాలి కింద ఎడమ నుండి వచ్చి, నీటి పైపొర మీదుగా దొర్లుకుంటూ పోయి, వేడెక్కి పైకి లేచి, కుడి చివరన బయటపడుతుంది. పాతకాలపు పెంకుటిళ్ళలో వాకిలి ఒకవైపు, పైన గవాక్షం ఇంకొకవైపు ఉండడం అతడు చూసిన విషయమే. నేనూ అలాంటి ఇంట్లోనే పుట్టి పెరిగాను.

ఫ్యాన్లను లోపలికి ఊదేటట్లే పెట్టాలనడానికి ఇంకొక కారణం ఉంది. బయటికి లాగే ఫ్యాను రోజంతా ఆవిరి గాలినే పీలుస్తుంది. నా మొదటి ఫ్యాను ఆ తేమకు తుప్పు పట్టి గరగరలాడడం మొదలుపెట్టింది. లోపలికి ఊదేది గదిలోని పొడిగాలినే పీలుస్తుంది గనుక చాలాకాలం మన్నుతుంది.

చోకులనైతే పూర్తిగా పెట్టెలోంచి తీసేసి తొట్టి కింది బల్లలో పెట్టించాను. ఒక్కొక్క పాతరకం చోకు తనకు తానే పదేసి వాట్ల దాకా వేడిగా మారుస్తుంది. నాలుగూ కలిస్తే ఇంకొక ట్యూబులైటు ఉన్నట్లే. ఆ వేడిని తీసుకెళ్ళి నీళ్ళ నెత్తిన పెట్టి, మళ్ళీ దానిని తరమడానికి ఫ్యాను కొనడమేమిటి!

వేడిని ఫ్యాను ఒక్కటే తీసుకుపోతుందనుకుంటే పొరపాటు. గాలి తనతో కొంత వేడి మోసుకుపోతుంది, నిజమే. కానీ అసలు పని చేసేది ఆవిరి. ఒక లీటరు నీరు ఆవిరైపోతూ దాదాపు 2,430 కిలోజౌళ్ళ వేడిని పట్టుకుపోతుంది. మా తొట్టిలోని 220 లీటర్ల నీటిని రెండున్నర డిగ్రీలు చల్లబరచడానికి అది సరిపోతుంది. దీపాలూ చోకులూ కలిసి సుమారు 180 వాట్లు, ఎనిమిది గంటలపాటు. ఆ వేడినంతా నీరే తాగిందనుకున్నా, రెండు లీటర్ల చిల్లర ఆవిరైతే చెల్లు. కుండలో నీళ్ళు చల్లబడే కిటుకూ ఇదే, గుమ్మానికి వట్టివేళ్ళ తడికలు కట్టి తడపడమూ ఇదే. నా అందమైన పెట్టెలో ఏం జరిగిందంటే, లోపలి గాలి ఆవిరితో నిండిపోయాక ఇక కొత్త ఆవిరికి చోటు లేదు. పుట్టిన ఆవిరి చెక్కకు తగిలి, బొట్లయి, తీసుకెళ్ళిన వేడిని పెట్టెలోనే వదిలి, నీళ్ళలోకి దిగి వచ్చింది. నేను చూసి సంతోషించిన బొట్లు అవే.

ఆ సంవత్సరం మే నెలలో నీరు 29 డిగ్రీలు దాటలేదు. రోజూ సాయంత్రం రెండున్నర లీటర్ల దాకా నీళ్ళు పోయవలసి వచ్చేది. ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఆవిరయ్యేది నీరు మాత్రమే, అందులోని లవణాలు తొట్టిలోనే ఉండిపోతాయి. మా బోరు నీళ్ళే పోస్తూ ఉంటే నెల తిరిగేసరికి తొట్టి నీరు ఇంకా కఠినమవుతుంది. అందుకని తరిగిన నీటికి బదులుగా వంటింటి ఆర్.ఓ. నీరే పోస్తాను. వారం వారం కొంత నీరు తీసేసి మార్చడం మామూలే.

ఫ్యాన్లకు 12 వోల్టుల డి.సి. అడాప్టరు. నీటి మీద 230 వోల్టులతో తిరిగే ఏ యంత్రాన్నీ వ్రేలాడదీయడం నాకు ఇష్టం లేదు. వోల్టేజి మార్చుకునే మీట ఉన్న అడాప్టరయితే 9 వోల్టుల మీద పెట్టండి, రొద సగం తగ్గుతుంది, గాలి చాలినంత వస్తుంది. తీగలు ప్లగ్గుకన్నా కిందికి ఒకసారి వంగి, ఆ తరువాత ప్లగ్గులోకి ఎక్కాలి. అప్పుడు తీగ వెంట జారిన నీటిచుక్క ఆ వంపు దగ్గరే నేలమీద పడుతుంది. కరెంటు పోయినపుడు దీపాలు ఆరిపోయినా ఫ్యాన్లు మాత్రం తిరగాలని వాటిని ఇన్వర్టరు మీదికి మార్చాను. రెండూ కలిసి ఒక చిన్న బెడ్‌లైటు తాగినంత కూడా తాగవు.

ఇప్పుడు మా ఇంట్లోనూ ట్యూబులు పోయి ఎల్.ఇ.డి.లు వచ్చాయి. వాటికి వేడి ఉండదని కొట్లలో చెబుతారు. ఉంటుంది. కిందికి తక్కువ, వీపుకు ఎక్కువ. ఆ వేడి వీపు మీదినుండి పోకపోతే వాటి ఆయుష్షే తగ్గిపోతుంది. కాబట్టి దారులు మూయలేదు.

కాకినాడ మిత్రునికి ఒక్క మాట విడిగా చెప్పాలి. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు ఎంత చూపిస్తుందో, ఫ్యానుతో నీరు అంతకన్నా దిగదు. మే నెల మధ్యాహ్నం ఇక్కడ 40 డిగ్రీల ఎండలో గాలిలో తేమ 25 శాతం ఉంటే అది 24 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. మీ దగ్గర 36 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్నరోజున అది 29 దాకా ఉంటుంది. నాకు రెండు ఫ్యాన్లు చేసిన పని మీకు నాలుగు పెట్టినా జరగదు. గది కిటికీ తెరిచి ఉంచండి, లేకపోతే తొట్టి వదిలిన ఆవిరి గదిలోనే తిరుగుతుంది. దీపాలను మధ్యాహ్నం మాని సాయంత్రం వేయండి. ఏంజెల్ చేపలు మీ ఊరి నీటికి తట్టుకుంటాయి.

నియాన్ టెట్రాలను నేను మళ్ళీ తెచ్చుకోలేదు. మిగిలిన మూడూ ఆ తరువాత రెండేళ్ళు బ్రతికాయి. వేసవిలో మా తొట్టి ఇప్పటికీ 28.5కు చేరుతుంది, వాటికి అది ఎక్కువే.