యావన్మందికీ తెలియజేయడం ఏమనగా

మా తాత టముకు వేసేవాడు.

రాజోలు దీవిలో ఒక ఊరు మాది. పేరు రాయను. ఆ ఊళ్లో నేను ఇంకా ఆదివారాలు తిరగాలి.

టముకు అంటే తెలియని పిల్లలు నా క్లాసుల్లోనే బోలెడుమంది ఉన్నారు కాబట్టి చెబుతున్నా. తోలు బిగించిన చిన్న వాయిద్యం. మెడలో వేసుకుని పుల్లలతో కొడతారు. శిస్తు గడువు, కాలవలు కట్టేసే తేదీ, పశువులకి సూదులు, తుఫాను కబురు, ఏదైనా సరే సర్కారు మాట ఊరికి చేరాలంటే తాత మెడలోంచే చేరాలి. చదువు లేదు. కరణంగారి అరుగు కింద నిలబడి విని, పొల్లుపోకుండా బుర్రలో పెట్టుకుని, "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడం ఏమనగా" అని ఎత్తుకునేవాడట. ముందు అగ్రహారం, తర్వాత పెద్దవీధి, తర్వాత బజారు. ఆ వరస తాత పెట్టుకున్నది కాదు. మా పేట ఆ వరసలో అసలుందో లేదో ఎవరూ చెప్పలేదు. తాత ఇంటికొచ్చి మామ్మకి చెబితే పేటకి చెప్పినట్టే లెక్క.

1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం మునసబు, కరణాల్ని రద్దు చేసింది. కరణీకం పోయింది గానీ టముకు తాత మెడలోంచి దిగలేదు. రెండేళ్లకి, 1986 ఆగస్టులో, ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ రాత్రి తాత అలవాటైన వరసలోనే ఊరంతా తిరిగాడు. ఊళ్లోకెల్లా పల్లం మా పేట. తాత వచ్చేసరికి మామ్మ పిల్లల్ని అటక ఎక్కించి, మోకాలు లోతు నీళ్లలో నిలబడి ఉంది. "ఏటయ్యా, కబురేటి?" అని అడిగిందట. ఈ కథ చెప్పినప్పుడల్లా మామ్మ నవ్వేది. నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు.

నా పీహెచ్‌డీ తెలుగు సాహిత్యంలో. ఆ ఐదేళ్లూ కథల్లో, నవలల్లో మా మనుషులు ఎక్కడెక్కడ కనబడతారో వెతుక్కున్నాను. సర్కారు నోటీసుని ఒక్కసారీ పాఠంగా చదవలేదు. ఈ మధ్య చదువుతున్నా. అందులో కర్త ఉండడు. "తెలియజేయడమైనది", "తొలగించడమైనది", "అర్హత లేనట్లు గుర్తించడమైనది". ఎవరు తెలియజేశారు? ఎవరికి తెలిసింది? గోడకి కాగితం అంటించగానే యావన్మందికీ తెలిసిపోయినట్టే. గడువు మాత్రం ఆ నిమిషం నుంచే నడుస్తుంది.

సచివాలయాల మీద నాకు కోపం ఉందనుకోకండి. 2019 అక్టోబరు 2న అవి మొదలయ్యేదాకా మా పేటలో ఒక కులధ్రువీకరణ పత్రం కావాలంటే మండలాఫీసుకి రెండు మూడుసార్లు తిరగాలి. తిరిగినన్ని రోజుల కూలీ పోయినట్టే. పెద్దవీధి వాళ్లకి ఆఫీసు పని ఫోన్లోనో పెళ్లి భోజనాల దగ్గరో అయిపోతుంది. మాకు ఆఫీసే దిక్కు. అది ఊళ్లోకొచ్చి, అందులో మా పిల్లలే నలుగురు ఉద్యోగులుగా కూర్చుంటే ఆ సుఖం ఏమిటో క్యూలో నిలబడ్డవాడికే తెలుస్తుంది.

2022 సంగతి చెప్పాలి. ఏప్రిల్ 4న కోనసీమ కొత్త జిల్లా అయింది. మే 18న దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అని పేరు పెడుతూ ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చింది. అభ్యంతరాలు, సలహాలు చెప్పుకోవడానికి 30 రోజులు గడువు. నాకు అప్పుడు తట్టింది, సలహా అంటే మద్దతు కూడా అని. మా పేట నుంచి ఒక ఉత్తరం రాసి సంతకాలు మొదలెట్టాను. పదకొండు పడ్డాయి. మే 24న అమలాపురం తగలబడింది. మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ కుమార్ ఇల్లు, బస్సులు. ఆ సాయంత్రం నా అద్దె గదిలో లైటు తీసేసి కూర్చున్నాను. ఒక పేరుకి అంత భయపడేవాళ్లున్నారని పుస్తకాల్లో చదివిందే. కిటికీలోంచి పొగ చూడటం వేరు.

జనాన్ని కూడగట్టింది వాట్సాప్ గ్రూపులని పోలీసులు చెప్పారు. వెంటనే మొబైల్ నెట్ ఆపేశారు. కొన్ని మండలాల్లో వారం దాటినా రాలేదు. అగ్గి పెట్టడానికి పిలిచిన కబురు అప్పటికే చేరాల్సినవాళ్లకి చేరిపోయింది. ఆ తర్వాత మూగబోయింది మాత్రం అందరి ఫోన్లూ. నా స్టూడెంట్లు పరీక్ష వివరాల కోసం ఊళ్లు దాటి వెళ్లారు. నా సంతకాల ఉత్తరం పదకొండు దగ్గరే ఆగింది. జూన్ 24న మంత్రివర్గం పేరుకి ఆమోదం తెలిపింది. పేట అంతా లడ్డూలు పంచుకున్నాం.

ఇక్కడిదాకా రాయడం తేలికే. ఈ సిరీస్‌లో ఇలాంటివి చాలా రాశాను, మీరు షేర్ చేశారు. ఇప్పుడు నా సంగతి.

మా మేనత్తకి వితంతు పింఛను వచ్చేది. మా పెరట్లోనే ఒక గది వేసుకుని ఉంటుంది, పొయ్యి వేరు, డోర్ నంబరు ఒకటే. ఇంటింటి మ్యాపింగ్‌లో ఆవిడ పేరు మా కుటుంబంలో పడింది. మా కుటుంబంలో ప్రభుత్వ ఉద్యోగి ఉన్నాడు. అది నేను. ఆరంచెల తనిఖీలో ఉద్యోగి ఉన్న ఇంటికి పింఛను రాదు. 2022 డిసెంబరులో జాబితా వచ్చింది, ఏమైనా చెప్పుకోవాలంటే గడువు కూడా ఇచ్చారు. కాగితం సచివాలయం గోడ మీద పెట్టారు. పీడీఎఫ్ మా ఊరి గ్రూపులో పెట్టారు.

ఆ గ్రూపుని నేను మ్యూట్‌లో పెట్టుకున్నాను. పొద్దున్న లేస్తే గుడ్ మార్నింగ్ పువ్వులు, పుట్టినరోజు ఫ్లెక్సీలు. వాటి మధ్య ఆ పీడీఎఫ్. తర్వాత వెనక్కి వెళ్లి చూసుకుంటే నా ఫోన్లో అది డౌన్‌లోడ్ కూడా కాలేదు. ఆ వారమే నేను రాజమండ్రిలో ఒక సదస్సులో అంబేద్కర్, స్థానిక పాలన అనే అంశం మీద మాట్లాడి శాలువా కప్పించుకున్నాను.

జనవరి ఒకటిన వాలంటీరు అత్త గుమ్మం దాటుకుని వెళ్లిపోయింది. ఆ నెల నుంచే పింఛను 2,750 అయింది. మ్యాపింగ్ విడదీయించి, అర్జీ పెట్టించి, మళ్లీ వేలిముద్ర పడేసరికి జూన్ వచ్చింది. ఐదు నెలలు, 13,750 రూపాయలు. పాతవి రావన్నారు. నేను ఇస్తానంటే అత్త తీసుకోలేదు.

"నీ డబ్బులు నాకెందుకురా అబ్బాయ్. అది నాకొచ్చేది. నీకు చదువొచ్చు కదా, ఒక్క ముక్క చెబితే పోయేది కదా?"

తాతకి చదువు రాదు. వినగానే గుర్తుపెట్టుకుని ఊరంతా తిరిగాడు. నాకు డాక్టరేట్ ఉంది. అత్త ఆగిపోయిన పింఛను కాగితం నా దగ్గరే ఉంచుకున్నాను. పైన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అని అచ్చుంది.

ఆ జూన్ నుంచి ఆదివారాలు ఊరికెళ్లి నోటీసులు చదవడం మొదలుపెట్టాను. ఇదేమీ పెద్ద ఉద్యమం కాదు. శనివారం గోడ మీదవి ఫోటో తీసుకుంటాను, గ్రూపు మ్యూట్ తీసేశాను. ముందు చర్చిలో చదువుదామనుకున్నా. ఆరాధన అయ్యాక ప్రకటనలు ఎలాగూ ఉంటాయి, పేటంతా అక్కడే ఉంటుంది. మా పెద్దాయన ఒకాయన పక్కకి పిలిచి, "చర్చిలో వద్దు బాబూ. ఎస్సీ లోను కాగితం చర్చిలో చదివేరంటే రేపు ఎవడో ఫోటో తీసి పైకి పెడతాడు" అన్నాడు. నిజమే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ కాదు, ఇక్కడ బీసీ-సీ. దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇమ్మని 2023 మార్చిలో మన అసెంబ్లీ తీర్మానం చేసింది, అది ఢిల్లీకి పంపే తీర్మానమే. అందుకని అంబేద్కర్ విగ్రహం అరుగు మీద చదువుతున్నాం. ప్రార్థన అయ్యాక బైబిళ్లు చంకలో పెట్టుకునే వస్తారు.

కాట్రేనికోన దగ్గర కందికుప్పలో పుట్టిన బొజ్జా తారకం గారు కారంచేడు తర్వాత ప్రభుత్వ ప్లీడరు పదవి వదిలేశారని మనం సభల్లో చెప్పుకుంటాం. ఆయనే 'పోలీసులు అరెస్టు చేస్తే' అని మామూలు జనం కోసం తెలుగులో చట్టం రాశారు. నేను ఆ పుస్తకాన్ని సాహిత్యంగా ఎప్పుడూ లెక్కేయలేదు. ఇప్పుడు నోటీసులు తెలుగులోంచి తెలుగులోకి మార్చి చెబుతుంటే అదెంత కష్టమో అర్థమవుతోంది. "అర్హత నిర్ధారణ" అంటే ఏమిటో అత్తకి మూడు రకాలుగా చెప్పాల్సి వచ్చింది. ఇప్పుడు వాట్సాప్‌లోనే సేవలన్నారు, 2025 జనవరిలో 161 సేవలతో మొదలుపెట్టారు. మంచిదే. అత్తది బటన్ల ఫోను.

2024 ఆగస్టు 23న రాష్ట్రమంతా 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు, ఉపాధి హామీ పనులు ఆమోదించడానికి. అంతకుముందు ఆదివారం ఆ కబురు అరుగు మీద రెండుసార్లు చదివాను. పేట నుంచి నలభై మంది దాకా వెళ్లారు, ఎక్కువమంది ఆడవాళ్లే. అంతమందికి కుర్చీలు లేవు. మా శ్మశానానికి దారి లేదు, వానాకాలం శవాన్ని వరిచేల గట్ల మీద మోసుకెళ్లాలి. మట్టి రోడ్డు అడిగారు. రాసుకున్నామన్నారు. రాసింది చదవమంది అత్త.

"శ్మశానవాటికకు దారి పనిని పరిశీలించుటకు తీర్మానించడమైనది" అని చదివారు.

"ఎవరు చూస్తారండీ? ఎన్నో తారీఖు లోపల?"

ఆ రెండూ రాసేదాకా అక్కడి నుంచి లేవలేదు మావాళ్లు. ఎవరి పేరు పడిందో, ఏ తేదీ పడిందో నా దగ్గర ఫోటో ఉంది. ఆ తేదీ దాటిపోయింది. దారి ఇంకా పడలేదు. మళ్లీ గ్రామసభ ఎప్పుడో గోడ మీద పెడతారు, శనివారం వెళ్లి చూడాలి.