ఒక్కరికే చోటు

2019 జూన్ 21న వాంకూవర్‌లో, ఐస్ హాకీ క్లబ్బులు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, ఫ్లోరిడా పాంథర్స్ క్లబ్బు స్పెన్సర్ నైట్ అనే పద్దెనిమిదేళ్ళ గోల్‌కీపర్‌ని తీసుకుంది. ఐస్ హాకీలో గోల్‌కీపర్లు మిగతావారికంటే ఆలస్యంగా పరిణతి చెందుతారు. అందుకే మొదటి రౌండులో వారిని ఎంచుకోవడానికి క్లబ్బులు జంకుతాయి. ఈ కుర్రవాడి పేరు మాత్రం పదమూడో స్థానంలోనే పిలిచారు. సరిగ్గా పది రోజులకు, జులై 1న, అదే క్లబ్బు సెర్గీ బోబ్రోవ్‌స్కీ అనే అనుభవజ్ఞుడితో 7 ఏళ్ళకు 7 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. ఆయనా గోల్‌కీపరే. నాలుగడుగుల ఎత్తు, ఆరడుగుల వెడల్పు ఉన్న ఆ నెట్ ముందు ఒక్కరే నిలబడగలరు.

విడివిడిగా చూస్తే రెండూ తెలివైన నిర్ణయాలే. జట్టు ఈ ఏడాదీ గెలవాలి, పదేళ్ళ తర్వాతా గెలవాలి. కానీ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక వింత కనిపిస్తుంది. ఆ కుర్రవాడు ఇంకా బోస్టన్ కాలేజీలో అడుగుపెట్టక ముందే అతడి దారికి అడ్డంగా ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. ఆ మనిషిని తెచ్చింది అతడిని కోరి తెచ్చుకున్నవాళ్ళే. ఒప్పందం ముగిసేది 2026లో. అప్పటికి నైట్‌కి పాతికేళ్ళు. ఆలస్యంగా పండే విద్య కనుక ఆ లెక్క కాగితం మీద చక్కగానే కుదిరింది.

కాగితం మీద కుదిరిన లెక్క మంచు మీద కుదరకపోవడానికి కారణం ఆ స్థానంలోనే ఉంది. ముందు వరుసలో ఆడే కుర్రవాడిని రాత్రికి ఎనిమిది నిమిషాలో పది నిమిషాలో దింపి చూడొచ్చు. వంతులవారీగా మంచు మీదికి దిగే బృందాల్లో నాలుగోదానిలో మొదలుపెట్టి, మూడోదానికి వచ్చి, మెల్లగా ముందుకు జరగొచ్చు. గోల్‌కీపర్‌కి ఆ సౌకర్యం లేదు. ఆడితే అరవై నిమిషాలూ ఆడాలి, లేకపోతే బెంచి చివర టోపీ పెట్టుకుని కూర్చోవాలి. ఆడితే తప్ప పని రాదు, పని వస్తే తప్ప ఆడనివ్వరు. ఈ చిక్కు నుంచి బయటపడడానికి దిగువ లీగు ఉంది. కానీ అక్కడి షాట్ల వేగం వేరు, ఆటగాళ్ళ అలవాట్లు వేరు. అక్కడ ముందుగా పసిగట్టడం నేర్చుకున్న కన్ను పైకి వచ్చాక కొంత మళ్ళీ నేర్చుకోవాల్సి వస్తుంది. 170 గ్రాముల గట్టి రబ్బరు బిళ్ళ గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వస్తున్నప్పుడు ఆలోచనకు సమయం ఉండదు. ఆలోచనంతా అంతకు ముందే, కొట్టేవాడి భుజం వాలులోనే, జరిగిపోయి ఉండాలి.

నైట్ మొదలుపెట్టిన తీరు చూసినవారెవరికీ అతడి ఎదుగుదల గురించి సందేహం కలగలేదు. ఇరవై నిండిన మర్నాడే, 2021 ఏప్రిల్ 20న, తొలి మ్యాచ్ ఆడి గెలిచాడు. ఐదు వారాల తర్వాత, ఓడితే ఇంటికి పోవాల్సిన ప్లేఆఫ్ మ్యాచ్‌లో, అప్పటి విజేత టాంపా బే మీద అతడినే దింపారు. మొదటి నిమిషంలో వచ్చిన మొదటి షాటే గోల్ అయింది. ఇరవై ఏళ్ళవాడి గుండె జారిపోవడానికి అంతకంటే మంచి సందర్భం ఉండదు. ఆ తర్వాత వచ్చిన 36 షాట్లనూ ఆపేశాడు. జట్టు 4-1తో గెలిచింది. తర్వాతి మ్యాచ్‌లో 4-0తో ఓడి సిరీస్ పోయింది కానీ, జనం గుర్తుపెట్టుకున్నది ఆ ముప్పై ఆరింటినే. భవిష్యత్తు అనుకున్నదానికంటే ముందే వచ్చేసిందని అందరూ నమ్మారు. నాకు అక్కడే కొంచెం భయం వేస్తుంది. తొందరగా వచ్చిన మంచి రోజు ఆ తర్వాతి మామూలు రోజులన్నిటినీ తక్కువ చేసి చూపిస్తుంది.

ఆ మామూలు రోజులు రానే వచ్చాయి. 2021-22లో ఎదుర్కొన్న షాట్లలో 90.8 శాతం ఆపాడు. మరుసటి ఏడాది 90.1 శాతం. ఎదుగుదల ఆగిపోయిందన్న మాట ఇలాంటి అంకెల్లోంచే పుడుతుంది కనుక ఈ తేడా ఎంతో కాసేపు చూడాలి. ఒక మ్యాచ్‌లో సుమారు 30 షాట్లు వస్తాయనుకుంటే, ఆ తేడా ఐదు మ్యాచ్‌లకు ఒక్క గోల్. పది పన్నెండు రాత్రుల్లో ఎప్పుడో ఒకసారి, సొంత ఆటగాడి స్కేటుకు తగిలి దారి మళ్ళిన ఒక్క బిళ్ళ. అతడు ఆ ఏడాది ఆడింది 21 మ్యాచ్‌లు. అంత చిన్న లెక్కలో అదృష్టం ఒక్కటే ఇంతకంటే పెద్ద తేడా తేగలదు. మూడు నాలుగు సీజన్లు ఏకధాటిగా ఆడినవాడి గురించి ఈ అంకె నిజమే చెబుతుంది. అడపాదడపా ఆడే కుర్రవాడి విషయంలో దాని మాటకు అంత బలం ఉండదు. అయినా అందరూ వినేది ఆ మాటే, ఎందుకంటే చేతిలో ఉన్న కొలత అదొక్కటే. తోడు వేసిన పాలగిన్నె మూత మాటిమాటికీ తీసి కదిపి చూస్తే పెరుగు తోడుకోదని ఇంట్లో అందరికీ తెలుసు. వృత్తి క్రీడలో ఆ మూత వారానికి మూడుసార్లు, ఇరవై వేల మంది ఎదుట, తీయక తప్పదు.

2022 సెప్టెంబరులో క్లబ్బు అతడితో 3 ఏళ్ళ ఒప్పందం రాసుకుంది, ఏడాదికి 45 లక్షల డాలర్లు. 2023 ఫిబ్రవరిలో అతడు ఆటగాళ్ళ సహాయ కార్యక్రమంలో చేరి ఆటకు దూరమయ్యాడు. అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్‌కి చికిత్స తీసుకున్నానని తర్వాత తానే చెప్పాడు. ఆ మాట బయటికి చెప్పడానికి కావలసిన ధైర్యాన్ని నేను ఆ 36 షాట్లకంటే పైనే ఉంచుతాను. అతడు లేని ఆ వసంతంలో, ఏ డ్రాఫ్ట్‌లోనూ ఎవరూ ఎంచుకోని ముప్పై ఏళ్ళ గోల్‌కీపర్ అలెక్స్ లయన్ జట్టును ప్లేఆఫ్స్‌లోకి చేర్చాడు. అక్కడి నుంచి బోబ్రోవ్‌స్కీ అందుకుని ఫైనల్ దాకా తీసుకుపోయాడు. మరుసటి ఏడాదంతా నైట్ దిగువ లీగులో షార్లెట్ జట్టుకు ఆడాడు. 2024 జూన్ 24న ఫ్లోరిడా మొట్టమొదటిసారి లీగు విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచినప్పుడు నెట్ ముందున్నది బోబ్రోవ్‌స్కీయే.

అప్పటికి నైట్ వయసు 23. దూరం నుంచి చూసినవారికి అది పతనంగానే కనిపించి ఉంటుంది. కానీ అంతకు ముందు ఏడాది 21 మ్యాచ్‌లు ఆడినవాడు షార్లెట్‌లో 40కి పైగా ఆడాడు. పైన కూర్చుని చూస్తే జీతం వస్తుంది, కింద నిలబడి ఆడితే విద్య వస్తుంది. దిగడాన్ని నిలిచిపోవడంగా లెక్కవేసేది నిచ్చెన మీద కన్నున్నవారు. గోల్‌కీపర్‌కి కావలసింది షాట్లు. అవి ఎక్కడ దొరికితే అక్కడే అతడి చదువు. ఆ ఏడాది అతడు ఏం నేర్చుకున్నాడో చూపించే పట్టిక ఏదీ లేదు, కానీ అది ఖాళీ ఏడాది అని నేననుకోను.

ఈ కథలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది, నిజానికి, పెద్దవాడే. బోబ్రోవ్‌స్కీది సైబీరియాలోని నొవొకుజ్‌నెట్స్క్. ఆయన్నీ ఏ క్లబ్బూ డ్రాఫ్ట్‌లో ఎంచుకోలేదు. 2010లో ఫిలడెల్ఫియా తీసుకుంది, మొదటి ఏడాదే 28 విజయాలు తెచ్చిపెట్టాడు. ఇరవై రెండేళ్ళవాడికి అది ఘనమైన ఆరంభం. ఆ వేసవిలోనే ఫిలడెల్ఫియా ఇల్యా బ్రిజ్‌గాలోవ్ అనే పేరున్న గోల్‌కీపర్‌తో 9 ఏళ్ళకు 5.1 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. కుర్రవాడు బెంచి మీదికి వెళ్ళాడు. మరో ఏడాదికి, 2012 జూన్‌లో, అతడిని కొలంబస్‌కి ఇచ్చేశారు. బదులుగా తీసుకున్నవి కొన్ని డ్రాఫ్ట్ ఎంపికలు. మరుసటి సీజన్‌లోనే అతడు ఆ ఏడాది అత్యుత్తమ గోల్‌కీపర్‌కిచ్చే వెజినా ట్రోఫీ గెలిచాడు. ఆ 2013లోనే ఫిలడెల్ఫియా మిగిలిన ఏళ్ళకు డబ్బు చెల్లించి మరీ బ్రిజ్‌గాలోవ్‌ని వదిలించుకుంది.

అంటే నైట్ దారికి అడ్డుగా నిలిచిన ఒప్పందం లాంటిదే ఒకప్పుడు బోబ్రోవ్‌స్కీ దారికీ అడ్డుగా నిలిచింది. పైగా ఫ్లోరిడాలో తొలి రెండేళ్ళూ ఆయన ఆట కూడా అంతంతమాత్రమే. అంత డబ్బు దండగైందన్న మాట ఆయన వినాల్సి వచ్చింది. నైట్‌ని అంత చిన్న వయసులో ప్లేఆఫ్స్‌లో దింపడానికి ఒక కారణం అదే. ముప్పై దాటాక ఆగిపోయాడనుకున్న మనిషి ముప్పై నాలుగులో మళ్ళీ లేచాడు. ఎదుగుదల ఆగడమనేది కుర్రవాళ్ళకే వచ్చే గండం కాదు. ఆగిన పెద్దవాడు తిరిగి కదిలితే, ఆ కదలికకు మూల్యం చెల్లించేది అతడి వెనుక నిలబడినవాడు. ఇందులో ఎవరి తప్పూ లేదు. తప్పెవరిదీ కానప్పుడు బాధ తగ్గుతుందని మాత్రం అనలేం.

ఆగిన కుర్రవాడిని అట్టే పెట్టుకున్న క్లబ్బులూ లేకపోలేదు. 2010లో మాంట్రియల్‌కి కేరీ ప్రైస్ అనే ఇరవై రెండేళ్ళ గోల్‌కీపర్ ఉన్నాడు. అంతకు ఐదేళ్ళ ముందు డ్రాఫ్ట్‌లో ఐదో స్థానంలో తెచ్చుకున్నారు. ఆ సీజన్‌లో అతడు గెలిచినవి 13, ఓడినవి అంతకంటే ఎక్కువ. వసంతం వచ్చేసరికి అతడి స్థానంలో, 271వ పేరుగా ఎంపికైన యారొస్లావ్ హలాక్ ఆడుతున్నాడు. వాషింగ్టన్ మీద ఒక్క మ్యాచ్‌లో 54 షాట్లలో 53 ఆపి ఊరంతటికీ ఆరాధ్యుడయ్యాడు. జూన్‌లో మాంట్రియల్ ఆ హలాక్‌ని సెయింట్ లూయిస్‌కి పంపేసి ప్రైస్‌ని ఉంచుకుంది. శరత్కాలంలో సన్నాహక మ్యాచ్‌లోనే సొంత ప్రేక్షకులు ప్రైస్‌ని గేలి చేశారు. 2015లో అతడికి వెజినాతోపాటు లీగు అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ కూడా వచ్చింది. దీన్ని దూరదృష్టికి ఉదాహరణగా చెబుతారు. నేను చూసేది వేరు. ఆ రోజు మాంట్రియల్ దగ్గర రుజువేమీ లేదు, రుజువంతా హలాక్ పక్షానే ఉంది. వాళ్ళు చేసింది ప్రైస్‌కి పూచీ పడటం. అందుకోసం అతడికి ఇచ్చిన కాలాన్ని హలాక్ దగ్గర నుంచి తీసుకున్నారు.

డలాస్ కథ మరో దారిన నడిచింది. 2010లోనే ఆ క్లబ్బు జాక్ క్యాంప్‌బెల్ అనే గోల్‌కీపర్‌ని పదకొండో స్థానంలో ఎంచుకుంది. ఆరేళ్ళలో అతడు డలాస్ పక్షాన ఆడింది ఒకే ఒక్క మ్యాచ్, అందులో ఆరు గోల్స్ పోయాయి. 2016లో లాస్ ఏంజెలెస్‌కి ఇచ్చేశారు. అక్కడ నిలదొక్కుకుని, టొరంటో వెళ్ళి, 2022లో ఆల్‌స్టార్ అయ్యాడు. కథ ఇక్కడ ఆపితే డలాస్ ఓపిక లేనిది. కానీ అదే ఏడాది 5 ఏళ్ళకు రెండున్నర కోట్ల డాలర్లతో ఎడ్మంటన్ చేరిన అతడిని, 2023 నవంబరులో దిగువ లీగుకు పంపారు, 2024లో డబ్బిచ్చి వదిలేశారు. ఇక్కడ ఆపితే డలాస్ వివేకి. డలాస్ చేసిన పని మాత్రం మారలేదు. మనం కథను ఏ ఏడాది దగ్గర ఆపామన్నదే మారింది.

నిరీక్షణకు గడువుంటే కొంత ఊరట. ముందున్నవాడు పన్నెండేళ్ళు పెద్దవాడైతే ఏదో ఒక రోజు తప్పుకుంటాడు. మైదానపు హాకీలో మన చిత్తూరు జిల్లా నుంచి వచ్చిన ఎతిమరపు రజని భారత మహిళల జట్టులో ఏళ్ళ తరబడి రెండో గోల్‌కీపర్‌గా కొనసాగింది. ముందున్న సవితకూ ఆమెకూ దాదాపు ఒకే వయసు. అలాంటి చోట ఎదురుచూడటం అనే మాటే సరిపోదు. ఎప్పుడు పిలిచినా ప్యాడ్లు కట్టుకుని సిద్ధంగా ఉండటమే అక్కడ పని. ఆ పనికి పతకాల పట్టికలో గడి లేదు, కానీ అది లేకుండా ఏ జట్టూ నడవదు.

2025 మార్చి 1న ఫ్లోరిడా సెత్ జోన్స్ అనే డిఫెన్స్ ఆటగాడి కోసం నైట్‌ని షికాగోకి ఇచ్చింది. రెండు రోజులకు కొత్త జట్టుకు తొలి మ్యాచ్ ఆడి 41 షాట్లు ఆపాడు, జట్టు 5-1తో గెలిచింది. ఆ జూన్‌లో ఫ్లోరిడా, జోన్స్‌తోనూ బోబ్రోవ్‌స్కీతోనూ, మళ్ళీ కప్ గెలిచింది. రెండు పక్షాలకూ లాభమే. సెప్టెంబరులో షికాగో నైట్‌తో రాసుకున్న ఒప్పందం 2029 దాకా నడుస్తుంది. ఇప్పుడు ఆ నెట్ అతడిది.

షికాగోకి రాక్‌ఫర్డ్‌లో దిగువ జట్టుంది. అక్కడ ఆడుతూ ఎదిగినవాడు డ్రూ కొమెస్సో, 2020లో షికాగోయే రెండో రౌండులో ఎంచుకున్న గోల్‌కీపర్. నైట్ కంటే పదిహేను నెలలు చిన్న, అంతే. అతడి అంకెలూ ఒక ఏడాది కాస్త పైకి, ఒక ఏడాది కాస్త కిందికి జరుగుతాయి, ఎదుగుదల ఆగిపోయిందని అతడి గురించీ ఎవరో అంటారు. షికాగోలో కాకపోతే మరో నగరంలోనైనా అతడికి ఒక్క సీజన్‌లో యాభై మ్యాచ్‌లు వరసగా ఆడే వీలు దొరకాలని నా కోరిక. అతడు ఎదిగాడో ఆగాడో తేల్చేవారు అందాకా ఆగితే బాగుంటుంది.